డిటెక్టర్ కాదు, చోటు ముఖ్యం: పాత నాణేల కోసం ఎక్కడ వెతకాలి, ఎక్కడ వెతకకూడదు

మెటల్ డిటెక్టర్ కొందామనుకునే వాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "అన్నా, ఏ మోడల్ తీసుకోమంటావ్?" గ్యారెట్ ఏస్ సరిపోతుందా, మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్‌కి వెళ్లాలా, సింగిల్ ఫ్రీక్వెన్సీనా, మల్టీ ఫ్రీక్వెన్సీనా అని స్పెక్స్ షీట్ మొత్తం కంఠతా పట్టేసి వస్తారు. "సరే, దాన్ని ఎక్కడ వాడతావ్?" అని అడిగితే మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఇంకొందరు వెంటనే "మా ఊరి పక్కన పాత కోట ఉంది" అంటారు.

జవాబు లేనివాళ్లతో పేచీ లేదు. కోట అన్నవాళ్లతోనే నాకు భయం.

ఈ హాబీలో మెషీన్ కంటే చోటుకే ఎక్కువ మార్కులు అన్నది నా అభిప్రాయం. చోటు ఎంచుకోవడానికి నేను పాటించే రూల్ ఒక్కటే: జనం డబ్బు పోగొట్టుకున్న చోట వెతకండి, డబ్బు దాచిన చోటు జోలికి పోకండి. మొదటిది హాబీ. రెండోది గుప్తనిధుల వేట. మన రెండు రాష్ట్రాల్లో ఈ రెండింటికీ తేడా తెలియకపోవడం వల్లే డిటెక్టర్ పట్టుకున్న ప్రతివాడినీ ఊరు అనుమానంగా చూస్తోంది.

ముందు మెషీన్ ఏం చేయలేదో తెలుసుకోండి

మనం కొనే డిటెక్టర్లలో ఎక్కువ భాగం వీఎల్‌ఎఫ్ రకం. కాయిల్ నుంచి వెళ్లే అయస్కాంత క్షేత్రం భూమిలో ఉన్న లోహానికి తగిలినప్పుడు అందులో చిన్న కరెంట్ పుడుతుంది. దాని వల్ల వచ్చే మార్పును మెషీన్ పట్టుకుని మనకు సౌండ్‌గా, నంబర్‌గా చూపిస్తుంది. మామూలు నేలలో నాణెం సైజు వస్తువైతే ఆరు నుంచి పది అంగుళాల లోతు వరకు నమ్మకంగా పట్టుకుంటుంది, అంతే. ఇనుప ఖనిజం ఎక్కువున్న ఎర్ర నేలల్లో ఇంకా తగ్గుతుంది. అక్కడ గ్రౌండ్ బ్యాలెన్స్ సరిగ్గా సెట్ చేయకపోతే నేలే అరుస్తుంది.

కాబట్టి "ముప్పై అడుగుల లోతులో బంగారం చూపిస్తుంది", "అర కిలోమీటరు దూరం నుంచే దిక్కు చెబుతుంది" అంటూ వీడియోల్లో అమ్మే లాంగ్ రేంజ్ లొకేటర్లను నమ్మకండి. యాంటెన్నాలు ఎన్ని ఉన్నా ఒక చిన్న నాణేన్ని అంత దూరం నుంచి పసిగట్టే పరికరం లేదు. వాటి మీద పెట్టే డబ్బుతో మంచి మిడ్ రేంజ్ డిటెక్టర్, పిన్‌పాయింటర్, హెడ్‌ఫోన్స్ అన్నీ వస్తాయి.

మెషీన్ పరిధి ఆ పది అంగుళాలే అయినప్పుడు, ఆ పది అంగుళాల్లో నాణెం ఉండే అవకాశం ఎక్కడ ఎక్కువ అన్నదే అసలు ప్రశ్న.

నాణెం ఎక్కడ జారిపడుతుంది?

మన తాతల కాలంలో పర్సులు తక్కువ. డబ్బు రొంటిన దోపుకునేవారు, లేదంటే కొంగుకు ముడేసుకునేవారు. కాబట్టి ముడి విప్పిన చోటా, కింద కూర్చుని లేచిన చోటా నాణేలు జారాయి. ఇలా ఆలోచిస్తే లిస్ట్ దానంతట అదే తయారవుతుంది.

వారపు సంత జరిగిన ఖాళీ స్థలం. పాత ఎడ్లబండ్ల బాట, ముఖ్యంగా బండ్లు ఆపి ఎడ్లకు నీళ్లు పట్టిన చోటు. వంతెన రాకముందు పడవ ఆగిన రేవుకు వెళ్లే దారి. పొలం గట్టున కూలీలు మధ్యాహ్నం సద్ది విప్పుకున్న చెట్టు నీడ. పిల్లలు గోళీలాడిన మైదానం. ఇప్పుడు దున్నుతున్న పొలంగా మారిన పాత సంత స్థలం దొరికితే ఇంకా మంచిది. నాగలి ఏటా మట్టిని తిరగేస్తుంది కాబట్టి కింద ఉన్నవి పైకి వస్తుంటాయి. పంట కోశాక, మళ్లీ విత్తే ముందు వెళ్తే రైతుకు నష్టమూ ఉండదు.

ఈ చోట్లను కనిపెట్టడానికి సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లు, గూగుల్ ఎర్త్ ప్రోలో పాత శాటిలైట్ ఇమేజ్‌లు పనికొస్తాయి. నిజం చెప్పాలంటే వాటికంటే బెస్ట్ సోర్స్ ఊళ్లో రచ్చబండ మీద కూర్చునే ఎనభై ఏళ్ల తాత. "తాతా, మీ చిన్నప్పుడు సంత ఎక్కడ జరిగేది?" అని అడగండి. ఏ యాప్‌లోనూ లేని మ్యాప్ ఆయన దగ్గర ఉంటుంది.

మన నాణేలతో ఒక తిరకాసు

యూట్యూబ్‌లో విదేశీ రివ్యూలు చూసి "ఐరన్ మొత్తం కట్ చేసేయండి" అనే సెట్టింగ్ కాపీ కొట్టకండి. మన రూపాయి నాణెం 1992 నుంచి స్టెయిన్‌లెస్ స్టీల్‌లో వస్తోంది. అది అయస్కాంతానికి అంటుకుంటుంది. నదుల దగ్గర తాడుకు అయస్కాంతం కట్టి, భక్తులు వేసిన చిల్లర పైకి లాగే పిల్లల్ని చూసే ఉంటారు. అది పని చేసేది ఇందుకే. డిటెక్టర్‌లో ఇలాంటి నాణెం ఇనుము రేంజ్‌లో పలకొచ్చు, లేదా నంబర్ నిలకడగా ఉండకపోవచ్చు.

పాతవి అలా కాదు. ఈస్టిండియా కంపెనీ 1835 నాటి క్వార్టర్ అణా రాగిది. 1943 నుంచి 1947 వరకు వచ్చిన నడుమ చిల్లున్న కాణీ కంచుది. నిజాం హాలీ సిక్కాలో చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయి ఉంది. రాగి, వెండి అయితే నంబర్ పైన, స్థిరంగా వస్తుంది. అల్యూమినియం పైసలు, సీసం, చిన్న వెండి ముక్కలు మధ్యలో ఎక్కడో పడతాయి. సరిగ్గా అక్కడే సిగరెట్ ప్యాకెట్ రేకు, డ్రింక్ క్యాన్ ముక్కలు కూడా పలుకుతాయి. అందుకే చెత్త ఎక్కువున్న సంత స్థలంలో పెద్ద కాయిల్ కంటే ఆరంగుళాల చిన్న కాయిల్ మేలు. కొన్నాళ్లు మధ్య నంబర్లన్నీ ఓపిగ్గా తవ్వాల్సిందే. రోజంతా తిరిగితే పిడికెడు మూతలు, రెండు మేకులు, ఒక పది పైసల బిళ్ల రావడం ఈ హాబీలో మామూలే. దాన్ని ఎంజాయ్ చేయలేకపోతే మెషీన్ కొనకండి.

సిగ్నల్ మంచిదే, చోటే మంచిది కాదు

ఇప్పుడు ఆ కోట సంగతి. పాత కోట, పాడుబడ్డ గుడి, ఊరి బయట ఉండే పాటిగడ్డ... ఇక్కడ సిగ్నల్స్ వస్తాయి, నిజమే. పాటిగడ్డ అంటేనే ఒకప్పటి ఊరు మట్టిదిబ్బగా మిగిలిన చోటు. రైతులు పొలాలకు పాటిమన్ను తోలుకునేది అక్కడి నుంచే. కానీ సరిగ్గా అందుకే అక్కడ తవ్వకూడదు.

గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉదాహరణ తీసుకోండి. అక్కడ దొరికిన నాణేల మీద శాతవాహన వంశ మూలపురుషుడు సిముకుడి పేరు ఉంది. అంతకుముందు పాలించిన గోబద, నారన లాంటి స్థానిక రాజుల పేర్లూ కనిపించాయి. ఏ పుస్తకంలోనూ సరిగ్గా లేని రాజుల్ని మనకు చెప్పింది ఆ చిన్న నాణేలే. నాణెం ఏ పొరలో, ఏ కుండ పెంకు పక్కన, ఏ లోతులో ఉందన్నది తెలిస్తేనే దాని కాలం తెలుస్తుంది. మనం పారతో పెళ్లగించి జేబులో వేసుకుంటే మిగిలేది ఒక అరిగిపోయిన సీసం ముక్క. ఆన్‌లైన్‌లో దానికి వచ్చే ధర ఒక మంచి ఇయర్‌బడ్స్ ధర కూడా ఉండకపోవచ్చు. దానికోసం మన సొంత చరిత్రలో ఒక పేజీ చించేయడం నాకు అసలు డీల్‌లా అనిపించదు.

చట్టం కూడా తమాషాగా లేదు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం, నేలలో దాచి ఉన్న, పది రూపాయల విలువ దాటిన ఏ వస్తువు దొరికినా కలెక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇది ఎవరి నేలకైనా వర్తిస్తుంది కాబట్టి "మా బాబాయ్ పొలమే కదా" అంటే కుదరదు. జారిపడిన ఒక్క నాణెం "దాచినది" కిందకు వస్తుందా అని వాదించొచ్చు. నేను ఆ వాదనకు దిగను, పాతదైతే చెప్పేయడమే మేలంటాను. ఇక 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే. సెలవులకు అమెరికా నుంచి డిటెక్టర్ తెచ్చుకునే అన్నలూ, అక్కలూ, అలాంటి నాణేన్ని సూట్‌కేస్‌లో పెట్టుకుని తిరిగి వెళ్లడం నేరం.

కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆ పైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఈ దూరాలు ప్రధానంగా కట్టడాలు, మైనింగ్ కోసం పెట్టినవి. నేను మాత్రం ఆ 300 మీటర్లనే నా హద్దుగా పెట్టుకున్నాను. మ్యాప్‌లో ఒక సర్కిల్ గీసుకుంటే పని అయిపోతుంది.

ఆగడం తెలిసినవాడికే పేరొచ్చింది

"మరి ఇంగ్లండ్‌లో అందరూ తవ్వుతున్నారు కదా?" అంటారు. అక్కడా పొలం యజమాని అనుమతి తప్పనిసరి, రక్షిత స్థలాల్లో డిటెక్టర్ వాడటం నేరం. 1992లో సఫోక్‌లోని హాక్స్‌నీ అనే ఊళ్లో ఎరిక్ లాస్ అనే ఆయన, రైతు పోగొట్టుకున్న సుత్తి కోసం పొలంలో డిటెక్టర్‌తో వెతికాడు. బయటపడింది దాదాపు 15,000 రోమన్ నాణేలు, బంగారు నగలు. ఆయన మొత్తం తవ్వేసుకోలేదు. మధ్యలోనే ఆపి కబురు పెట్టాడు. పురావస్తు నిపుణులు వచ్చి జాగ్రత్తగా తీశారు కాబట్టే, నిధిని పెట్టెలో ఎలా సర్ది పెట్టారో కూడా తెలిసింది. ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆయనకు 17.5 లక్షల పౌండ్ల రివార్డు వచ్చింది, దాన్ని రైతుతో పంచుకున్నాడు. గమనించండి, ఆయన వెళ్లింది పోయిన వస్తువు కోసం.

మన దగ్గర అలాంటి రివార్డ్ సిస్టమ్ అంత బలంగా లేదు, ఒప్పుకుంటాను. దొరికింది చెప్పినవాడిని దొంగలా చూడకుండా, మ్యూజియంలో అతని పేరు రాసే పద్ధతి మనకూ రావాలి. అది రావాలంటే ముందు మన మీద నమ్మకం కుదరాలి.

అందుకే మీ మొదటి ట్రిప్‌కి నా సలహా: మీ వాళ్ల సొంత పొలంతో మొదలుపెట్టండి. పట్టపగలే వెళ్లండి. రైతుని పక్కన పెట్టుకోండి, సర్పంచ్‌కి ఒక మాట చెప్పండి. తీసిన ప్రతి గుంట పూడ్చండి, చెత్త లోహం మీ సంచిలో వేసుకుని రండి. ఒకే చోట రెండు పాత నాణేలు కనిపించాయా, పార పక్కన పెట్టి ఫోన్‌లో ఫొటో, జీపీఎస్ లొకేషన్ తీసి, అధికారులకు చెప్పండి. ఇదంతా చేయడానికి బేసిక్ మోడల్ చాలు. ఖరీదైన డిటెక్టర్ కొనాలా వద్దా అన్నది ఒక సీజన్ ఇలా తిరిగాక ఆలోచించండి.