వర్తకులకు ఆంగ్లబోధ

నలువదియేండ్ల గృహస్థుని బల్లమీద కూర్చుండబెట్టి కర్తరి కర్మణి ప్రయోగముల సూత్రములు వల్లెవేయించుట యేమి విద్య? మా మెదకు పట్టణమున వర్తకులకు ఆంగ్లము నేర్పుచున్న పద్ధతి యిదియే. పగలెల్ల క్వింటాళ్ల లెక్క నోటనే కట్టినవాడు రాత్రి పసివానివలె తప్పు చెప్పి తల వంచుకొనవలెను. నాలుగు దినములకు రాక మానును. గురువుగారు అతని బుద్ధిని నిందింతురు!

నిజాము కాలమున కచేరీలు ఉర్దూలో నడచెను. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనయు ఉర్దూలోనే. నాటి తెలుగు వర్తకుడు కాగితమును మున్షీ చేతికిచ్చి, అతడు చదివినదే సత్యమని నమ్మెను. 1948లో ఆ ప్రభుత్వము పోయినది, మున్షీ పోలేదు. 2017 జూలై 1న జీ.ఎస్.టీ. వచ్చిన పిమ్మట, అంకెలును అక్షరములును గలసిన 15 స్థానముల సంఖ్యను మోయు బిల్లును చదివి చెప్పువానికి నేటి వర్తకుడును రుసుము చెల్లించుచున్నాడు.

ఆ బిల్లే యతనికి మొదటి వాచకము కావలదా? ధర, తూకము, గడువు, వడ్డీ: భావములన్నియు తెలుగున అతనికి కరతలామలకములు, పేళ్లు మాత్రమే క్రొత్తవి. వ్యాకరణము వలదా యందురేమో. వలయును, ఉత్తరము వ్రాయు నాటికి అతడే యడుగును.

మేమిట్లు బోధింప మొదలిడిన వారమున నొక ధాన్యపు వర్తకుడు మూడేండ్లనాటి ఋణపత్రమొకటి తెచ్చి, ‘అయ్యా, గ్యారంటరనగా నేమి?’ అని యడిగెను. ఆ మాట క్రింద నున్నది అతని సంతకమే.