నేరం లినక్స్‌దేనా?

లినక్స్ ఉచితమే గాని సామాన్యునికి కొరుకుడుపడదని మిత్రులు కొందరు వాదిస్తున్నారు. ఈ వాదన ఎంత డొల్లదో నా అనుభవమే నాకు నేర్పింది.

2008లో, విద్యార్థిగా ఉండగా, పద్యపాదాన్ని గురులఘువులుగా విడదీసే జావా ఆప్లెట్ ఒకటి రాశాను. లినక్స్ బ్రౌజరులో అది ఖాళీ పెట్టెగా మిగిలింది. నేనూ లినక్స్‌నే తిట్టుకున్నాను. తీరా టెర్మినల్ నుండి బ్రౌజరును నడిపి చూస్తే అసలు సంగతి బయటపడింది: బ్రౌజరు 64 బిట్లది, జావా ప్లగిన్ 32 బిట్లది. రెండింటికీ పొసగదు.

బ్రౌజరు సోర్సు, అంటే మూలపాఠం, అందరి ముందూ ఉంది. ప్లగిన్ మూలపాఠం మూసి ఉంది. దాన్ని ఎంతటి నిపుణుడైనా 64 బిట్లకు తిరిగి కట్టలేడు. మరి నేరమెవరిది? ఈ ఉచ్చును గురించి రిచర్డ్ స్టాల్‌మన్ 2004లోనే హెచ్చరించాడు. 2007లో జావా మూలపాఠం చాలావరకు వెల్లడైనా ప్లగిన్ అందులో చేరలేదు. ఐస్‌డ్‌టీ కార్యకర్తలు దాన్ని విడిగా రాసుకోవలసి వచ్చింది.

ఆప్లెట్లే అంతరించాయి గదా, ఇప్పుడీ గొడవ ఎందుకని అడగవచ్చు. నిజమే, 2015లో క్రోమ్, 2017లో ఫైర్‌ఫాక్స్ వాటికి తలుపులు మూశాయి. భద్రతా లోపాల దృష్ట్యా అది అవసరమే. నా ఆప్లెట్ మూలపాఠం నా దగ్గరున్నది గనుక జావాస్క్రిప్టులో తిరిగి రాసుకున్నాను. మూలపాఠం ఇవ్వకుండా పంచిన పాఠాలకు దిక్కెవరు?

కాబట్టి, అధ్యాపక మిత్రులారా, ఉచితమన్న మాటతో తృప్తి పడకండి. ప్రజాధనంతో తయారైన ప్రతి బోధనోపకరణమూ మూలపాఠంతో సహా ప్రజలకు దక్కాలని అడగండి. మనం బాగుచేసుకోలేనిది ఏనాటికీ మనది కాదు.