అరకు రైలుదారి – కొండవారి భూమి

విశాఖపట్టణమున ప్రాతఃకాలమున బయలుదేరి, కొత్తవలస, శృంగవరపుకోటల మీదుగా అరకులోయకును, అచ్చటనుండి బస్తరులోని కిరండూలుకును పోవు రైలుబండి విహారముకొఱకే పుట్టినదని మన పట్టణవాసులు తలంచుచున్నారు. కార్తికమాసము వచ్చినదా, కుటుంబములతో తరలుదురు. 2017లో అద్దాల కప్పుగల పెట్టెను తగిలించిన పిమ్మట ఈ మోజు ఇనుమడించినది. ఇందు తప్పు పట్టవలసిన దేమియు లేదు. బొడ్డవర దాటిన పిమ్మట బండి కొండ నెక్కసాగును. శివలింగపురము, త్యాడ, చిమిడిపల్లి – ఒక్కొక్క స్టేషనుకు లోయ మఱింత క్రిందికి జాఱిపోవును. సొరంగపు చీకటి వీడినంతనే వంతెన, వంతెన దాటినంతనే మఱల సొరంగము. పిల్లలు కేరింతలు కొట్టుదురు. పెద్దలును కొట్టుదురు గాని ఒప్పుకొనరు.

అయితే ఈ మార్గము మన వినోదమునకై వేయబడలేదు. జపాను ఉక్కు కర్మాగారములకు ఇనుపఖనిజ మమ్ముటకు 1960లో భారతప్రభుత్వ మొడంబడిక చేసికొన్నది. బైలడిల్లా కొండలనుండి ఆ ఖనిజమును విశాఖ రేవునకు దింపుటకై తూర్పుకనుమలను తొలిచి, ఆ దశాబ్దములోనే పని ముగించిరి. మార్గమంతటను 58 సొరంగములు! సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తుననున్న శిమిలిగుడ, బ్రాడ్‌గేజి స్టేషనులలో దేశమున కెల్ల ఎత్తయినదని చిరకాలము పేరొందినది. నేటికిని నిండుబండ్లు దిగుచుండును, వట్టిబండ్లు ఎక్కుచుండును. వానికి దారియిచ్చి మన బండి నిలిచినప్పుడు విసుగుకొనువారు, ఎవరి దారిలోనికి ఎవరు వచ్చిరో కొంచెము యోచింపవలెను. ఖనిజమునకును ముందే ఆ కొండలలో బగతలు, కొండదొరలు, పోర్జలు, కోదులు కాపురముండిరి.

న్యాయవాదుల గ్రంథములలోనే మిగిలిపోయిన యొక వృత్తాంతము బొఱ్ఱాలో దిగు ప్రతి యాత్రికునకును తెలియవలసియున్నది. సున్నపురాతిని యుగయుగములుగా నీరు తొలువగా ఆ గుహ లేర్పడినవి. వాని చుట్టుపట్ల, అనంతగిరి మండలమున, కాల్సైటు మున్నగు ఖనిజముల త్రవ్వకమునకు ప్రభుత్వము గిరిజనేతరులకు కౌలు లిచ్చెను. 1970లో సవరింపబడిన 1959నాటి భూబదలాయింపు నిబంధన, షెడ్యూలు ప్రాంతములలోని భూమి గిరిజనేతరుల కే వ్యక్తియు బదలాయింపరాదనుచున్నది. ప్రభుత్వము వ్యక్తి కాదు గదా, తన భూమిని తా నిచ్చుకొన్న నేమి దోషమని వాదము. హైకోర్టులో గిరిజనుల పక్షము నెగ్గలేదు. ‘సమత’ యను సంస్థ సుప్రీంకోర్టునకు పోయెను. 1997 జూలై 11వ తేదీన, ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరు, ‘వ్యక్తి’ యను పదములో ప్రభుత్వము సైతము చేరునని నిర్ణయించి, ఆ కౌలులు చెల్లవనిరి. మా వృత్తిలో పదముల అర్థమునకై పోరాడుట నిత్యకృత్యమే గాని, ఒక్క పదమున ఇన్ని యూళ్ల బ్రతుకు వ్రేలాడుట అరుదు.

ఆ తీర్పు ప్రభుత్వసంస్థలకు మాత్రము ద్వారము మూయలేదు. ఆ ద్వారముననే తరువాత బాక్సైటుపై ఆశ ప్రవేశించెను. గిరిజనుల ప్రతిఘటన దాని నడ్డగించినది. ఇప్పుడు వచ్చుచున్నది మఱింత మెత్తని బేరము – విడుదులు, హోటళ్లు. కాగితముపై భూమి గిరిజనునిది, లాభము బినామీదారునిది కాకుండునా? గనికి వర్తించిన న్యాయము విడిదికిని వర్తింపవలెను. గది అద్దెకు పుచ్చుకొను పెద్దమనిషి ‘ఈ స్థల మెవరి పేరనున్న’దని యడిగిన మర్యాదకు లోపము రాదు. అడవిచట్టముల బాధయు వెట్టిచాకిరియు 1922లో సీతారామరాజు తిరుగుబాటునకు కారణములైనవి. 2022లో ఆయన పేర జిల్లా నేర్పఱచిరి. అరకు ఆ జిల్లాలోనిదే. పేరు పెట్టుటతో ఋణము తీరదు.

రైలుశాఖవారు చేయదగిన పనులును గలవు. అద్దాల పెట్టె నొకటి చేర్చినప్పుడెల్ల రెండు మామూలు పెట్టెలు చేర్చవలెను. పసుపు, అల్లము మూటలతో సంతకు పోవు కొండ యాఁడువారు సెలవుదినముల యాత్రికుల త్రొక్కిడిలో తలుపుకడ వ్రేలాడ నక్కఱలేదు. అరకు, బొఱ్ఱా ప్లాటుఫారములపై అమ్ముకొను హక్కు మొదట ఆ ప్రాంతపు గిరిజనుల కీయవలెను. స్టేషను పలకలపై సముద్రమట్టపు ఎత్తు వ్రాయుట వాడుక. బొఱ్ఱాలో దాని ప్రక్కనే 1997నాటి తీర్పుసారమును తేట తెలుగున వ్రాసి నిలుపుటకు మఱొక పలక చాలును.