నాచు చెరువులో మందు చల్లే ముందు

మంచినీటి చెరువు పచ్చబడి, కుళాయిలో మట్టి వాసన వస్తోందని ఫిర్యాదులు రాగానే సిబ్బందికి ముందుగా గుర్తొచ్చేవి మైలుతుత్తం, బ్లీచింగ్ పౌడర్. కొద్ది రోజుల్లో పచ్చదనం పోతుంది, ఫిర్యాదులూ తగ్గుతాయి. అసలు ప్రమాదం అప్పుడే మొదలు కావచ్చు.

నీటిపై పచ్చరంగు పోసినట్టు తేలేది చాలాసార్లు నిజమైన నాచు కాదు, సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు. వాటిలో మైక్రోసిస్టిస్ వంటివి కాలేయాన్ని దెబ్బతీసే విషాన్ని తయారు చేయగలవు. కణం బతికున్నంత కాలం ఆ విషం చాలావరకు దాని లోపలే ఉంటుంది; కణం పగిలితే నీటిలో కలుస్తుంది. కణాలనైతే పటికతో పేరబెట్టి, తేర్చి, ఇసుక ఫిల్టర్‌తో చాలావరకు ఆపవచ్చు. కరిగిన విషాన్ని ఆ ఇసుక పెద్దగా ఆపలేదు. కాచినా పోదు. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరవాసులకు కుళాయి నీరు తాగొద్దని చెప్పినప్పుడు, కాచి తాగడమూ పనికిరాదని హెచ్చరించాల్సి వచ్చింది.

1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ఐలాండ్‌లో, తాగునీటి జలాశయంలో నాచు పెరిగిందని కాపర్ సల్ఫేట్ (మన మైలుతుత్తమే) కలిపారు. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే దాదాపు 150 మంది జబ్బుపడ్డారు. వారిలో ఎక్కువమంది పిల్లలే. రాగి వల్లే అలా జరిగిందన్న వాదన ఉన్నా, తర్వాతి పరిశోధనలు ఎక్కువగా సయనోబాక్టీరియా విషం వైపే చూపాయి.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో కాలువలు కట్టేసే ముందు నింపుకున్న చెరువు నీరే ఎన్నో ఊళ్లకు వేసవి ఆధారం. నిలిచిన నీరు, మండే ఎండ, పొలాల నుంచి వచ్చే ఎరువుల భాస్వరం: సయనోబాక్టీరియాకు ఇంతకన్నా ఏం కావాలి? అందుకే మందు చల్లే ముందు ఒక చుక్క నీటిని మైక్రోస్కోపు కింద చూడటం తప్పనిసరి చేయాలి. ఉన్నవి సయనోబాక్టీరియా అని తేలితే పైతెట్టును వదిలి దిగువ నుంచి నీరు తోడాలి. కణాలను పగలకుండా తొలగించి, క్లోరిన్‌ను వడపోత తర్వాతే కలపాలి. విషం కరిగిందన్న అనుమానం ఉంటే యాక్టివేటెడ్ కార్బన్ పొడి వాడాలి. దానికి ఖర్చవుతుంది, నిజమే. కానీ చేతిలో ఉన్న పనులకు ఖర్చు తక్కువ. తేర్పు తొట్టి అడుగున చేరిన బురదను రోజుల తరబడి ఉంచితే అక్కడా కణాలు పగులుతాయి, కాబట్టి వెంటవెంటనే తీసేయాలి. ఫిల్టర్లు కడిగిన నీటిని మళ్లీ పచ్చి నీటిలోకే మళ్లించే అలవాటునూ ఆ కొద్ది వారాలు మానుకోవాలి.