పొలము నంతటిని చదువు ఆచార్యుడు కావలయును

మన సంఘ సభ్యుల బిడ్డలలో కొందరు నైర వ్యవసాయ కళాశాలలోను, కొందరు బాపట్లలోను చదువుచున్నారు. ఈ చదువు ముగిసిన పిమ్మట ఏ కొలువు దొరకునని తండ్రులు మమ్ము తరచుగా అడుగుచుందురు. బ్యాంకు కొలువును, విత్తనముల కంపెనీ కొలువును, రైతు సేవా కేంద్రపు కొలువును అందరెరుగుదురు. విశ్వవిద్యాలయమున ఆచార్య పదవిని గూర్చి, అందును పొలమును దానిలోని సమస్త జీవులతో కలిపి పరిశీలించు శాస్త్రమున ఆచార్య పదవిని గూర్చి, అడుగువారు అరుదు. మన రైతులకు ఆ పదవియే మిక్కిలి అక్కరైనదని మా యభిప్రాయము.

నేల, నీరు, పైరు, పురుగు, పక్షి ఒండొంటిపై ఆధారపడి యొక కుటుంబమువలె నుండుటకు ఆవరణ వ్యవస్థ యని పేరు. ఆంగ్లమున ఈ భావమునకు 1935లో పేరు పెట్టినవాడు టాన్స్‌లీ యను వృక్షశాస్త్రజ్ఞుడు. పేరు క్రొత్తదే గాని విషయము మన మడిలోనిదే. వరికి సుడిదోమ పట్టినప్పుడు మనము చేయునదేమి? దుకాణదారు ఇచ్చిన మందు కొట్టుదుము. దోమతో పాటు దానిని తిను సాలీళ్లును, దాని గ్రుడ్లను పీల్చు మిరిడ్ నల్లులును చచ్చును. ఆకు తొడిమలో దాగిన గ్రుడ్లు మాత్రము బ్రదుకును. పొదిగిన పిల్లలను తినువారు లేరు గనుక కొలది దినములకే దోమ మునుపటికంటె మిక్కుటమగును. మరల మందు, మరల అప్పు. ఆ అప్పు మన సంఘపు పద్దులలోనే కానవచ్చుచున్నది. ఇండొనీషియా ప్రభుత్వము ఈ సంగతి గ్రహించి 1986లో వరిపై 57 మందులను నిషేధించెను. దానివలన అచట ధాన్యపు దిగుబడి పడిపోలేదు. సాలీళ్లను మడులలో లెక్కించిన శాస్త్రజ్ఞులు ఉండుటవలననే ఆ యుత్తరువు సాధ్యమయ్యెను.

మనకు శాస్త్రజ్ఞులు లేరని మేమనుట లేదు. 1964లో రాజేంద్రనగరున స్థాపితమై, 1996లో ఆచార్య రంగాగారి పేరు దాల్చి, నేడు గుంటూరు చెంత లాంలో నున్న విశ్వవిద్యాలయమునకు మన ప్రాంతమున పరిశోధన క్షేత్రములు పెక్కు గలవు. రాగోలులో వరి, ఆమదాలవలసలో గోగు, విజయనగరమున చోడి, అనకాపల్లిలో 1913 నుండి చెరకు. రాగోలు వారి శ్రీకాకుళం సన్నాలు తినని ఇల్లు మనలో అరుదు. అయితే ఆ కొలువులన్నియు శాఖలవారీగా ఏర్పడినవి. ఒకరు కీటకమును, ఒకరు తెగులును, ఒకరు మృత్తికను, ఒకరు సేద్యమును చూతురు. ప్రకటనలు సైతము ఆ శాఖల పేరిటనే వెలువడును. పొలము నంతటిని చదివినవాడు ఏ ప్రకటనకు దరఖాస్తు పెట్టవలయును? సాధారణ విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్ర శాఖలో చేరినచో చేతిక్రింద పొలముండదు. వ్యవసాయ విశ్వవిద్యాలయమున పొలముండును గాని వాని పేర కుర్చీ యుండదు.

ఇంకొక చిక్కు కాలమునకు సంబంధించినది. నేల సారము పెరుగుటయో తరుగుటయో రెండేండ్లలో తేలునది కాదు. ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ నందు 1843లో మొదలిడిన గోధుమ మడి ప్రయోగము ఇంకను సాగుచున్నది. అంత దూరమేల, కోయంబత్తూరులో 1909 నాటి ఎరువుల మళ్లు నేటికిని ఉన్నవి. మన ఆచార్యుడో, నేడు కళాశాలలో, కొన్నాళ్లకు పరిశోధన క్షేత్రమున, ఆపై వేరొక జిల్లాలోని కృషి విజ్ఞాన కేంద్రమున నుండును. పదోన్నతికి ప్రచురించిన వ్యాసములు లెక్కకు వచ్చును. పదియేండ్లు ఒకే గట్టుపై నిలిచి వ్రాసుకొన్న పుస్తకమునకు ఆ లెక్కలో విలువ స్వల్పము. ఇట్లుండగా తెలివిగల యువకుడు శీఘ్రముగా ఫలితమిచ్చు విషయమునే ఎన్నుకొనుటలో తప్పేమున్నది?

దారి పొడవైనదని తల్లిదండ్రులు ముందే ఎరుగవలయును. పట్టమునకు నాలుగేండ్లు, పైచదువునకు రెండు, డాక్టరేటునకు కనీసము మూడు. మధ్య జాతీయ అర్హత పరీక్ష. పదవి దొరకినచో 2016 నుండి వర్తించు విశ్వవిద్యాలయ వేతనములలో తొలి మెట్టు మూలవేతనము నెలకు 57,700 రూపాయలు. ఆడుబిడ్డలను ఈ దారికి పంపుటకు జంకనక్కరలేదు.

మేము కోరునది స్వల్పము. ఉత్తర కోస్తాకు ఆవరణ వ్యవస్థ శాస్త్రమున ఒక్క ఆచార్య పదవిని నైరలో ఏర్పరచి, ఆ పదవియందున్నవారిని పదియేండ్లు కదల్పకుండవలయును. మందులు మాని సేద్యము చేయుచున్న రైతులు మన జిల్లాలలో ఉన్నారు. వారి మళ్లలో ఏమి జరుగుచున్నదో ప్రక్క మళ్లతో పోల్చి, పక్షపాతము లేక లెక్క వ్రాయుటయే వారి మొదటి పని కావలయును. లాభమే తేలునో, నష్టమే తేలునో మాకు రెండును సమ్మతమే.

ప్రభుత్వమును అడుగుటకు ముందు మన వంతు చూపవలయును గదా. పల్లమున కొందరు, గరువున కొందరు, పదియేసి సెంట్లు పదియేండ్లపాటు పరిశీలనకు విడువగలిగినచో, ఆ జాబితాను తీర్మానముతో కూడ విశ్వవిద్యాలయమునకు పంపవచ్చును. ఊడ్పులు ముగిసిన పిమ్మట జరుగు సర్వసభ్య సమావేశమున ఈ ప్రస్తావన పెట్టనున్నాము. సమ్మతించు సభ్యులు సర్వే నెంబరును, నీటి వసతిని తెలుపుచు ముందుగనే సంఘ కార్యదర్శికి వ్రాయగోరుచున్నాము.