పందేలు తగ్గితే పట్టం తగ్గునా?

అమెరికాలో చక్రాలు బయటికి కనిపించే ఒంటి ఆసనపు కార్లతో ఏటేటా జరిగే జాతీయ పోటీలకు ఇండీకార్ అని పేరు. 2020లో 17 పందేలు జరుగవలసి ఉండగా, కరోనా కారణంగా 14 మాత్రమే జరిగినవి. విజేత న్యూజిలాండ్ దేశీయుడు స్కాట్ డిక్సన్. అది అతనికి ఆరవ పట్టం. మూడు పందేలు తక్కువైన ఏటి పట్టాన్ని నిండు సంవత్సరపు పట్టంతో సమానంగా ఎట్లా ఎంచుతామని అడిగే క్రీడాభిమానులు లేకపోలేదు. ఈ వాదం నాకు సమ్మతం కాదు.

ఆ సంవత్సరం ఎట్లా గడిచినదో చూడండి. మార్చి 15న ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మొదలు కావలసిన పోటీలు జూన్ 6న టెక్సస్‌లో మొదలైనవి. మే నెలకే పరిమితమైన ఇండియానాపోలిస్ 500 మైళ్ల పందెం ఆగస్టు 23న, ప్రేక్షకుడన్నవాడు లేకుండా జరిగినది. జపాన్ దేశీయుడు టకుమా సాటో ఖాళీ గ్యాలరీల ముందు గెలిచాడు. రద్దైన పందేల లోటు కొంత తీర్చుటకు ఒకే ట్రాక్‌పై రెండు రోజులు వరుసగా పందేలు పెట్టారు. మొదటినాడు కారు దెబ్బతిన్నదా, తెల్లవారేసరికి బాగుచేసుకోవలసిందే! దీనిని తేలిక సంవత్సరమనుట న్యాయమా?

డిక్సన్ మొదటి మూడు పందేలూ వరుసగా గెలిచాడు. వెంటాడుతూ వచ్చిన జోసెఫ్ న్యూగార్డెన్ అక్టోబర్ 25న చివరి పందెం గెలిచి కూడా 16 పాయింట్ల దూరంలో నిలిచిపోయాడు. మరి మూడు పందేలుంటే ఫలితం మారేదేమో! న్యూగార్డెన్ పక్షాన ఈ మాట న్యాయమైనదే. అయినా తరిగిన లెక్క అందరికీ ఒక్కటే.

అదే 2020లో తెలంగాణలో పదవ తరగతి మిగిలిన పరీక్షలు రద్దై, అంతర్గత మార్కులతో ఉత్తీర్ణులైన విద్యార్థులను “కరోనా బ్యాచ్” అని ఎగతాళి చేసినవారున్నారు. డిక్సన్‌కు 14 అవకాశాలైనా దక్కినవి. ఆ పిల్లలకు పరీక్షలన్నీ రాసే అవకాశమే దక్కలేదు. అందులో వారి దోషమేమిటి?

నాకు అభ్యంతరమున్న కుదింపు వేరొకటి. 1980లో ఇవే జాతీయ పోటీలను నడుపుటకు యూసాక్, కార్ట్ అను రెండు సంస్థలు చేతులు కలిపినవి. ఐదు పందేలు ముగిసేసరికి ఆ పొత్తు చెడినది. యూసాక్ తప్పుకొని ఆ ఐదింటితోనే తన సంవత్సరం ముగించుకొన్నది. కార్ట్ 12 పందేల వరకు సాగినది. అప్పుడు మహమ్మారి లేదు, యుద్ధం లేదు. పెద్దల పంతం ఒక్కటే! (కమిటీ పెద్దలు మన్నించాలి.) రెండు లెక్కల్లోనూ జానీ రూథర్‌ఫర్డే ప్రథముడు కావడంతో పరువు దక్కినది. ఆ పట్టాలు ఇద్దరికి దక్కి ఉంటే, ఆ ఏటి జాతీయ విజేత ఎవరని అడిగినవారికి ఏ సంస్థ జవాబు చెప్పేది?