మెమరీ కార్డు: గాదెయా, కుంచమా?



క్రిందటి నెలలో మా ఎర్రమంజిలు వీధిలోని యొక చిన్నది సాయంకాలమున మా యింటికి వచ్చినది. చేతిలో క్రొత్త కెమెరా యున్నది. "అక్కయ్యగారూ, మా నాన్నగారి షష్టిపూర్తి పది దినములలో నున్నది. దీనిలో వేయుటకు మెమరీ కార్డు ఎంతది కొనవలెనో తెలియకున్నది. దుకాణమువాడు 256 జీబీది కొనుమనియు, ఇక జన్మలో మరియొకటి అక్కరలేదనియు చెప్పినాడు. కొనవచ్చునా?" అని యడిగినది.

జన్మలో మరియొకటి అక్కరలేదన్న మాట వినగానే నా మనస్సు చివుక్కుమన్నది. ఆ మాటనే నమ్మి మేము పోగొట్టుకొన్న దేమో ముందు చెప్పి, పిదప లెక్క చెప్పెదను.

అయిదేండ్ల క్రిందట మా వారు కెమెరాతో పాటు 128 జీబీ కార్డు నొకదానిని కొనిరి. అది యెన్నటికిని నిండదయ్యెను. నిండలేదు గనుక ఖాళీ చేయ నక్కర కలుగలేదు; ఖాళీ చేయలేదు గనుక వేరొకచోట దాచవలెనన్న తలంపే పుట్టలేదు. రెండేండ్ల పండుగలు, ప్రయాణములు, పిల్లల పుట్టినదినములు అన్నియు దానియందే యుండెను. ఇంతలో మా చిన్నపిల్ల యక్షరాభ్యాసమునకు మా అత్తగారు పల్లెనుండి వచ్చిరి. ఫోటో యనగానే మొగము త్రిప్పుకొను స్వభావము ఆమెది. ఆనాడు మాత్రము మనుమరాలిని ఒడిలో కూర్చుండబెట్టుకొని, పళ్ళెములోని బియ్యముపై దాని వ్రేలు పట్టి దిద్దించుచు, కెమెరా సంగతియే మరచిరి. మా వారు ఇరువదికి పైగా ఫోటోలు తీసిరి.

తరువాతి సంక్రాంతికి ముందే ఆమె కాలధర్మము నొందిరి. పటము కట్టించుటకై కార్డును కంప్యూటరున పెట్టగా, దీనిని చదువుటకు వీలులేదన్న మాట తప్ప మరేమియు కనబడలేదు. బాగుచేయువారి యొద్దకు కొనిపోతిమి. వారు వారము దినము లుంచుకొని కొన్ని ఫోటోలు తిరిగి యిచ్చిరి. ఒక పెండ్లి పందిరి, రైలు కిటికీ, ఎవరివో చెప్పులు. అక్షరాభ్యాసపు ఫోటో ఒక్కటియు రాలేదు. నేడు మా గోడపై నున్నది ఆమె గుర్తింపు కార్డులోని ఫోటోను పెద్దది చేయించినది. దానిలో నున్న యామెను మా పిల్లలు ఎరుగరు.

తప్పు దుకాణమువానిది కాదు, కార్డుదియు కాదు. కుంచమును గాదె యనుకొన్న తప్పు మాది. కళ్ళములోని ధాన్యమును కుంచముతో కొలిచి గాదెలో పోయుదుము గాని, కుంచములోనే సంవత్సరము పొడవున నిలువ యుంచము గదా! మెమరీ కార్డును ఫోటోలు తీసినచోటి నుండి యింటికి తెచ్చు పాత్ర యని తలంపవలెను. కావున దానిని కొనునపుడు, "ఒక శుభకార్యమున నేనెంత తీయుదును?" అని మాత్రమే ప్రశ్నించుకొనవలెను.

ఆ లెక్క వంటయింటి లెక్కకంటె కష్టమైనది కాదు. నేటి సాధారణమైన 24 మెగాపిక్సెళ్ళ కెమెరాలో ఒక జేపెగ్ ఫోటో సుమారు 10 ఎంబీ యుండును. 1000 ఎంబీలు ఒక జీబీ. అనగా ఒక జీబీలో నూరు ఫోటోలు. రెండు దినముల షష్టిపూర్తిలో వేయి ఫోటోలు తీసినను 10 జీబీ చాలును. వీడియోయే యాకలి గొన్నది. ఫుల్ హెచ్‌డీ వీడియో ఒక గంటకు సుమారు 12 జీబీ తినును. 4కే వీడియో యైనచో గంటకు 45 జీబీ వరకు కావలెను. "రా" అను పచ్చి రూపమున ఫోటోలు తీయువారికి ఒక్కొక్కటి 25 నుండి 30 ఎంబీ వరకు పట్టును. వేయింటికి మూడింతలని లెక్క వేసికొనుడు. ఫోటోలును గంటసేపు ఫుల్ హెచ్‌డీ వీడియోయు తీయదలచిన మా చిన్నదానికి 22 జీబీ కావలెను. 32 సరిగా సరిపోవును. 64 అయినచో తొందరలేదు. 256 తో పనిలేదు.

64 అని వ్రాసిన కార్డును కంప్యూటరున చూచిన 59 చిల్లర గానే కనబడును. మోసపోతిమని కలత పడవలదు. చేయువారు వేయింటితో హెచ్చవేయుదురు. కంప్యూటరు 1024 తో హెచ్చవేయును. పూర్వము ఒక ఊరి కుంచము వేరొక ఊరి కుంచముతో సరిపోనట్లే యిదియు.

కొనుటకు ముందు మూడు సంగతులు చూడవలెను. మొదటిది, కెమెరా పాతదైనచో అది 32 జీబీకి మించిన కార్డును స్వీకరింపక పోవచ్చును. కార్డుపై ఎస్‌డీహెచ్‌సీ అని యున్న 32 వరకు. ఎస్‌డీఎక్స్‌సీ అని యున్న అంతకు మించినది. కెమెరా పుస్తకమున ఏది వ్రాయబడినదో చూచుకొనవలెను. రెండవది, వేగము. 4కే వీడియో తీయువారు వీ30 అను గుర్తు గలదానిని ఎన్నుకొనుట మేలు. అది సెకనుకు 30 ఎంబీలకు తక్కువ కాకుండ వ్రాయగలదని యర్థము. మూడవది, మిక్కిలి చౌకకు ఆశపడరాదు. పైన 256 అని ముద్రించి లోపల అంతకు ఎంతో తక్కువ యుండు కపటపు కార్డులు కలవు. అవి నిండినట్లు చెప్పవు; వచ్చిన ఫోటోలను మ్రింగివేయును. బిల్లు ఇచ్చు దుకాణమున కొని, శుభకార్యమునకు ముందే ఒకసారి నిండుగా నింపి, అన్నియు తెరచి చూచుకొనవలెను.

ఇక అసలు మాట. ఒక పెద్ద కార్డుకంటె రెండు చిన్న కార్డులు మేలు. ఒకటి చెడినను సగమైనను దక్కును. రాత్రి పండుకొనుటకు ముందే ఫోటోలను కంప్యూటరులోనికిని, వేరొక హార్డు డిస్కులోనికిని ఎక్కించి, రెండుచోట్లను తెరచి చూచిన పిదపనే కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయవలెను. కెమెరాపై చిన్న దీపము మినుకుమినుకు మనుచుండగా కార్డును లాగరాదు. పొరపాటున ఫోటోలు చెరిపివేసినచో వెంటనే కార్డును తీసి ప్రక్కన పెట్టవలెను. విషయసూచిక చింపినంత మాత్రమున గ్రంథము పోదు. దానిపై క్రొత్తది వ్రాసినచో పోవును. వాడకుండ పెట్టెలో నుంచినను కార్డు చిరకాల ముండదు. దానిలో బంధింపబడిన విద్యుత్తు ఏండ్లు గడచిన కొలది మెల్లగా జారిపోవచ్చును.

ఈ హైదరాబాదులోనే 1892 లో రాజా దీన్‌దయాళుగారు స్త్రీలకొరకు జనానా స్టూడియో నొకదానిని తెరచిరి. దానిని ఒక ఆంగ్ల వనితయే నడిపెను. నాడు ఒక్కొక్క ఛాయకు ఒక్కొక్క గాజుపలక. చేయి జారిన పగులును; అందుచేతనే జాగ్రత్త. ఆయన పలకలు రెండు వేలకు పైగా నేడును ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున నున్నవి. పగులు గాజు నూరేండ్లు దాటినది; పగులని మా కార్డు రెండేండ్లు దాటలేదు! మా పేటకు పేరు తెచ్చిన ఎర్రమంజిలు భవనమునే, నవాబు ఫక్రుల్‌ముల్కుగారు కట్టించినదానిని, కూల్చుటకు 2019 లో నిర్ణయ మయ్యెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో ఉన్నత న్యాయస్థానము ఆ నిర్ణయమును కొట్టివేసినది. అంతటి మేడ నిలుచుటకే ఒకరు పూనుకొనవలసి వచ్చినపుడు, తపాలాబిళ్ళ యంత కార్డు తనంతట తాను నిలుచునా?

మా చిన్నది 64 జీబీ కార్డులు రెండు కొన్నది. షష్టిపూర్తి మరునాడు ఫోటో నొకదానిని అచ్చు వేయించి నాకు తెచ్చి యిచ్చినది. అభిషేక జలము కన్నులలో పడగా ఆమె తండ్రిగారు పసిపిల్లవానివలె మొగము ముడిచికొన్నారు. ప్రక్కన ఆమె తల్లిగారు నవ్వు నాపుకొనుచున్నారు. "రెండుచోట్ల దాచితిని, అక్కయ్యగారూ" అన్నది.

అమ్మలారా, ఈ పుట చదివి పక్కన పెట్టుటకు ముందు మీ యింటి కెమెరాలోని కార్డును తీసి చూడుడు. దానిలో మాత్రమే యున్న పెద్దల మొగ మొకటి యుండెనేని, ఈ రాత్రియే గాదెకు చేర్చుడు.